హవల్దార్‌కి ఐఐఎంలో సీటు వస్తుందా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక 2008లో ఆర్మీలో చేరాను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఎస్‌కేటీగా, అంటే స్టోర్లు చూసే పనిలో, పదహారేళ్లు చేసి 2024లో హవల్దార్‌గా ఇంటికి వచ్చేశాను. అందులో మూడేళ్లు లద్దాఖ్‌లో ఉన్నాను. సర్వీసులో ఉండగానే ఇగ్నోలో బీకాం చదివి 2015లో పాసయ్యాను, 56 శాతం వచ్చింది. ఇప్పుడు నాకు 36 ఏళ్లు. ఉలవపాడు వైపు ఒక రొయ్యల మేత డీలర్ దగ్గర గోడౌన్ లెక్కలు చూస్తున్నాను. పెన్షన్ వస్తుంది కానీ ఇద్దరు పిల్లల చదువులకు చాలడం లేదు. ఊళ్లో అందరూ బ్యాంకు గార్డు ఉద్యోగానికి అప్లై చేయమంటారు. నాకేమో ఎంబీఏ చేయాలని ఉంది, అదీ పేరున్న చోట. మా కంపెనీ కమాండర్ మేజర్ సార్ రిటైరయ్యే ముందు ఐఐఎంలో ఆరు నెలలు చదివారు. ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా ఉంది, తేలిగ్గా వచ్చేస్తుంది అంటాడు మా బావమరిది. హార్వర్డ్ లాంటి చోట్ల మాజీ సైనికులను పిలిచి మరీ సీటిస్తారని యూట్యూబ్‌లో చూశాను. నాలాంటివాడికి నిజంగా ఛాన్స్ ఉందా? నా భార్య అప్పు అంటేనే భయపడుతోంది. మీరు ఏమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు, కందుకూరు ప్రాంతం

సమాధానం:

హవల్దార్ గారూ, ఛాన్స్ ఉంది. చాలా పెద్ద ఛాన్స్ అని మాత్రం చెప్పను. పైగా అది మీ బావమరిది చెప్పిన కోటాలోనూ లేదు, మేజర్ గారు చేసిన కోర్సులోనూ లేదు. మీ ఉత్తరంలో మూడు నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీసుకుంటే మీ దారి ఏదో తేలుతుంది.

కోటా సంగతి చూద్దాం. ఐఐఎంల రెండేళ్ల కోర్సుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వాళ్లకు 27, ఈడబ్ల్యూఎస్‌కు 10, దివ్యాంగులకు 5 శాతం సీట్లుంటాయి. మాజీ సైనికులకంటూ విడిగా సీట్లు లేవు. మీ బావమరిది అబద్ధం చెప్పాడనను. ఆయన విన్నది ఉద్యోగాల సంగతి అయి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు స్థాయిలో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. లేదంటే మన రాష్ట్రంలో ఈఏపీసెట్, ఐసెట్ కౌన్సెలింగుల్లో వినిపించే క్యాప్ కోటా అయినా అయి ఉంటుంది. అది సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు ఇచ్చే 2 శాతం. అంటే అది పనికొచ్చేది మీకు కాదు, రేపు మీ పిల్లలకు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కూడా అంతే, మీకు కాదు, పిల్లలకు. డిశ్చార్జ్ బుక్కు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన ఐడీ కార్డు భద్రంగా దాచండి. మీ పెద్దవాడు ఇంటర్ దాటేసరికి వాటితో పని పడుతుంది.

మేజర్ గారు చేసింది వేరే కోర్సు. ఢిల్లీలోని డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, మీరంతా డీజీఆర్ అనేది, రిటైరవుతున్న ఆఫీసర్లను 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సులకు పంపుతుంది. అవి అహ్మదాబాద్, ఇండోర్, లక్నో లాంటి ఐఐఎంలలో జరుగుతుంటాయి. ఫీజులో 60 శాతం డీజీఆర్ కడుతుంది, మిగతాది ఆఫీసరు పెట్టుకుంటారు. కోర్సు మంచిదే. అయితే చివర వచ్చేది సర్టిఫికెట్, ఎంబీఏ కాదు. దానికి ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయక్కర్లేదు, మామూలు ఎంబీఏ విద్యార్థులతో పోటీ పడక్కర్లేదు. సుబేదార్ స్థాయి జేసీఓలకు, జవాన్లకు కూడా డీజీఆర్ కోర్సులున్నాయి, వాటి ఫీజు పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది. కాకపోతే ఎక్కువగా సర్వీసు చివరి ఏడాదిలోనే పంపుతారు. అప్పట్లో మీరు వాడుకోకపోతే ఇప్పుడేమైనా వీలుందేమో మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి చూడండి. స్టోర్స్, సప్లై చైన్ మీద ఏదైనా దొరికితే చేసేయండి. ఖర్చు లేదు, రెజ్యూమేలో ఒక లైను చేరుతుంది. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక హార్వర్డ్. యూట్యూబ్‌లో మీరు చూసింది అబద్ధం కాదు, కాకపోతే అది అమెరికన్ సైనికుల కథ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేముందు, 1944లో, అక్కడ జీఐ బిల్లు అనే చట్టం తెచ్చారు. ఇళ్లకు తిరిగొచ్చే సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకునేందుకు చేసిన చట్టం అది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పనిచేసినవాళ్ల కోసం ఇంకో చట్టం చేశారు, అది 2009 నుంచి అమల్లో ఉంది. దానికి తోడు ఎల్లో రిబ్బన్ అనే ఏర్పాటు కింద ప్రైవేటు యూనివర్సిటీలు కూడా కొంత ఫీజు భరిస్తాయి. ఒక అమెరికన్ సార్జెంటు పెద్ద బిజినెస్ స్కూల్లో చేరుతున్నాడంటే వెనుక ఆ డబ్బుంది, తనకంటే ముందు చేరిన సైనికుల క్లబ్బు ఉంది. మన సైన్యంలో చేసినవాళ్లకు ఆ చట్టాలు వర్తించవు. మిమ్మల్ని అప్లై చేయొద్దని ఎవరూ అనరు, ఫీజు మాత్రం సొంతంగానే పెట్టుకోవాలి. అదీ డాలర్లలో. మీ ఇంటి పరిస్థితి చూస్తే ఆ ఆలోచన పక్కన పెట్టేయడమే మేలు.

మిగిలింది మన దేశంలోని పేరున్న స్కూళ్లు. వాటిలోకి రెండు దారులున్నాయి.

మొదటిది క్యాట్ రాసి రెండేళ్ల ఎంబీఏలో చేరడం. వయోపరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. జనరల్ అభ్యర్థికి డిగ్రీలో 50 శాతం ఉండాలి, మీకుంది. ఏటా నవంబర్ చివరి ఆదివారం పరీక్ష జరుగుతుంది. చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్, డేటా మీద లాజిక్ ప్రశ్నలు, లెక్కలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. రాయొచ్చు కానీ ఈ దారి నేను మీకు చెప్పను. ఎందుకంటే క్యాట్ స్కోరు ఒక్కటే చూడరు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇంటర్ అవ్వగానే రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగు తీసిన కుర్రాడికి, రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో కోచింగ్‌కి రెండేళ్లు కూర్చున్న కుర్రాడికి మధ్య ఆ మార్కుల తేడా ఎప్పటికీ పూడదు. అనుభవానికి ఇచ్చే మార్కులు కూడా సాధారణంగా మూడేళ్ల దగ్గర ఆగిపోతాయి, మీ పదహారేళ్లకు అదనంగా ఏమీ కలవదు. పైగా క్లాసులో ఎక్కువమంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. వాళ్ల కోసం క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు కూడా ఆ వయసువాళ్లనే దృష్టిలో పెట్టుకుని వస్తాయి.

రెండోది, మీకు సరిపోయేది, అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏడాది కోర్సు. ఐఐఎం అహ్మదాబాద్‌లో పీజీపీఎక్స్ అంటారు, 2006లో మొదలైంది. బెంగళూరులో ఈపీజీపీ, కలకత్తాలో ఎంబీఏఎక్స్. మన హైదరాబాద్‌లో, మొహాలీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) వాళ్ల పీజీపీ ఉంది. వీటిల్లో ముప్పై దాటినవాళ్లు, పెళ్లయి పిల్లలున్నవాళ్లు మామూలే. 36 అంటే క్లాసులో పెద్దన్న వరసే కానీ తలుపు మూసేసే వయసు కాదు. అహ్మదాబాద్ అడిగేది 25 ఏళ్లు నిండటం, డిగ్రీ అయ్యాక కనీసం 4 ఏళ్ల పూర్తికాలం అనుభవం. ఐఎస్‌బీ 2 ఏళ్లున్నా చాలంటుంది.

డిగ్రీ అయ్యాక అన్నారు చూశారా, మీలాంటివాళ్లు తికమక పడేది అక్కడే. 2008 నుంచి లెక్కేసి పదహారేళ్లు అని ఫారంలో రాస్తే తప్పవుతుంది. మీ డిగ్రీ 2015లో వచ్చింది కాబట్టి అప్పటినుంచి 2024 వరకు చేసిన తొమ్మిదేళ్లే అనుభవం కిందకు వస్తాయి, దానికి రొయ్యల మేత గోడౌన్ కాలం కలుస్తుంది. అవే ఎక్కువ. మొదటి ఏడేళ్లు వృథా అనుకోకండి, వాటి గురించి అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో రాసుకోవచ్చు. ఫారంలో మాత్రం తేదీలు సరిగ్గా వేయండి.

ఇదే చోట మీ తోటివాళ్ల కోసం ఇంకో మాట. పదిహేనేళ్ల సర్వీసు దాటినవాళ్లకు డిగ్రీతో సమానమని ఒక సర్టిఫికెట్ ఇస్తారు కదా, అది గ్రూప్ సి ఉద్యోగాలకు పనికొస్తుంది. దాన్ని చూపించి ఎంబీఏకి అప్లై చేస్తామంటే కుదరదు, యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీయే కావాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి ఇద్దరు ముగ్గురు మాజీ జవాన్లు ఆ కాగితం ధైర్యంతోనే నాకు ఉత్తరాలు రాశారు. మీరు బ్యారక్‌లో కూర్చుని ఇగ్నో పుస్తకాలు చదివారు చూడండి, ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేసిన అత్యంత తెలివైన పని అదే. దూరవిద్య డిగ్రీ అని ఎక్కడా మొహమాటపడక్కర్లేదు, చెల్లుతుంది.

ఏడాది కోర్సులకు ఎక్కువగా జీమ్యాట్ గానీ జీఆర్‌ఈ గానీ, ఈ రెండు ప్రవేశ పరీక్షల్లో ఒకదాని స్కోరు అడుగుతారు. నా సలహా జీమ్యాట్. 2023 చివర్లో దాన్ని పూర్తిగా మార్చారు. ఇప్పుడు రెండుంబావు గంటల పరీక్ష, 64 ప్రశ్నలు. లెక్కలు, ఇంగ్లిష్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు భాగాలు. బడిలో ఎప్పుడో చదివిన జామెట్రీ మళ్లీ తిరగేయాలన్న టెన్షన్ లేదు, దాన్ని తీసేశారు. గ్రామరు తప్పులు దిద్దే ప్రశ్నలు, పరీక్షలో వ్యాసం రాయడం కూడా తీసేశారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఈ మార్పు మేలే చేసింది. స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. అందరూ గొప్పగా చెప్పుకునే పాత 700 ఇప్పటి లెక్కలో 645 దగ్గరికి వస్తుంది. చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లి రాయొచ్చు, ఇంట్లో కంప్యూటర్ మీద కూడా రాయొచ్చు. ఫీజు ఇరవై వేలు దాటుతుంది కాబట్టి సరదాగా రాసి చూసే పరీక్ష కాదు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది.

డేటా ఇన్‌సైట్స్ అనగానే బెదిరిపోకండి. పట్టికలు, గ్రాఫులు, రెండు మూడు చోట్ల ఉన్న సమాచారం కలిపి చూసి జవాబు చెప్పడం. స్టాక్ రిజిస్టరుకూ గోడౌన్‌లో సరుకుకూ పొంతన కుదరనప్పుడు మీరు ఇన్నేళ్లు చేసింది అదే. నాకు అనుమానమల్లా ఇంగ్లిష్ చదవడం మీద. మీ ఉత్తరంలో మీరు ఆ సంగతి రాయలేదు. రోజూ గంటసేపు ఏదైనా ఇంగ్లిష్ బిజినెస్ పేపరు చదివి, చదివినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకోండి. కోచింగ్ పేరుతో నెల్లూరులో రూమ్ తీసుకోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కోర్సుల్లో కనిపించే సైనికులు దాదాపు అందరూ ఆఫీసర్లే. హవల్దార్ చేరకూడదని ఏ రూలూ లేదు, అప్లికేషన్‌లో ర్యాంకు అడ్డం రాదు. కాకపోతే దరఖాస్తు చదివేవాళ్లకు మేజర్ అంటే ఒక బొమ్మ మనసులో ఉంది. నూటయాభై మందిని నడిపాడు, నిర్ణయాలు తీసుకున్నాడు అనుకుంటారు. హవల్దార్ అంటే అలాంటి బొమ్మ లేదు. చెప్పింది చేశాడు అనుకుంటారు. మీరు చేసిన పనిలో మీ బుర్ర ఎక్కడ వాడారో చూపించకపోతే జీమ్యాట్‌లో ఎంత వచ్చినా ఇంటర్వ్యూ దాటదు. చూపిస్తే మాత్రం ఆ గదిలో మీలాంటి కథ ఉన్నవాడు ఇంకొకడు ఉండడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి వచ్చినవాళ్ల అప్లికేషన్లు కుప్పలుగా చూసి చూసి వాళ్లకు విసుగొచ్చి ఉంటుంది.

లద్దాఖ్ గురించి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు మీరు. నేనైతే అప్లికేషన్ మొత్తం దాని మీదే నిలబెడతాను. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు పదకొండు వేల అడుగుల పైన ఉన్న జోజిలా కనుమ దాటాలి. మనాలీ వైపు రోడ్డుది కూడా అదే సమస్య. 2020లో అటల్ టన్నెల్ తెరిచాక రోహతాంగ్ కనుమ బాధ తప్పింది కానీ అవతల ఇంకా ఎత్తైన కనుమలు ఉండనే ఉన్నాయి. మంచు పడితే రోడ్లు మూసుకుపోతాయి. అందుకని చలికాలానికి సరిపడా బియ్యం, పిండి, నూనె, కిరోసిన్, మందులు అన్నీ వేసవిలోనే లారీల మీద పైకి చేర్చాలి. ఇదంతా మీకు తెలియనిది కాదు. ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్‌కు తెలియకపోవచ్చు. డిమాండును ముందే అంచనా వేయడం, నిల్వ, పాడయ్యే సరుకు, సరఫరా ఆగిపోతే వచ్చే నష్టం అంటూ ఆయన రోజూ బోర్డు మీద గీసే విషయాన్ని మీరు మైనస్ పాతిక డిగ్రీల చలిలో చేసి వచ్చారు.

కాబట్టి 'క్రమశిక్షణతో దేశసేవ చేశాను' అని రాయకండి. అది నిజమే, కానీ ప్రతి సైనికుడూ అదే రాస్తాడు. ఒక్క సంఘటన తీసుకోండి. కాన్వాయ్ లేటయింది, వచ్చిన సరుకులో కొన్ని బస్తాలు తడిసిపోయాయి, ఏది ముందు వాడాలి, ఏది పై పోస్టులకు పంపాలి అన్నది ఆ రాత్రి ఎవరు తేల్చారు? మీరేనా? సుబేదార్ సాబ్ ఒకటి చెబితే మీరు వేరేగా చెప్పిన సందర్భం ఉందా? ఏటా జరిగే స్టాక్ తనిఖీలో తేడా వస్తే ఎలా పట్టుకున్నారు? మీ కింద ఎంతమంది పనిచేశారు, వాళ్లలో మాట వినని వాడితో ఎలా నెగ్గుకొచ్చారు? ఇలాంటివి ఒక నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకుంటూ పోండి. ఇంగ్లిష్ తర్వాత చూసుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. యూనిట్ పేరు, పోస్టు ఎక్కడుందో, అక్కడ ఎంతమంది ఉంటారో, ఎన్ని రోజుల నిల్వ ఉంటుందో రాయకూడదు. ఇంటికి వచ్చేసినా అధికార రహస్యాల చట్టం మీకు వర్తిస్తుంది. ఇంత శాతం తగ్గింది, ఇంతమంది చేసే పని ఇంతమందితో అయింది అని రాస్తే సరిపోతుంది.

రొయ్యల మేత గోడౌన్ సంగతి కూడా మీరు చిన్నచూపుతో రాశారు. నా లెక్కలో అది మీకు రెండో ఆస్తి. రైతు మేత అప్పు మీద తీసుకుంటాడు, చెరువులో రొయ్యలు పట్టాక డబ్బులు కడతాడు. మధ్యలో వైరస్ వచ్చి చెరువు పోతే డీలర్ డబ్బు కూడా పోయినట్టే. ఎవరికి ఎంత అప్పివ్వాలో మీ డీలర్ ఎలా తేల్చుకుంటాడో గమనించారా? 2025లో అమెరికా సుంకాలు పెంచి రొయ్య ధర పడిపోయినప్పుడు అప్పులు వసూలు చేయడానికి ఏం చేశాడు? వానాకాలంలో మేతకు చెమ్మ పట్టకుండా మీరేం మార్చారు? 'ఎంబీఏ ఎందుకు' అని అడిగినప్పుడు జవాబు ఇక్కడి నుంచే రావాలి. పెద్ద కంపెనీలో మేనేజర్ కావాలని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. చలికాలపు నిల్వలు చూశాను, ఇప్పుడు తీరంలో చెడిపోయే సరుకు చూస్తున్నాను, కోల్డ్ స్టోరేజీ, పోర్టు సరఫరాల్లో పనిచేయాలనుకుంటున్నాను అంటే కూర్చుని వింటారు. మీ ఊరికి ఇటు రామాయపట్నం పోర్టు కడుతున్నారు, అటు కృష్ణపట్నం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఇవన్నీ ఉద్యోగం రెడీగా పెట్టుకుని మీకోసం ఎదురుచూస్తున్నాయని కాదు. మీ ఆలోచనకు కాళ్ల కింద నేల ఉందని చూపించడానికి పనికొస్తాయి.

ఇక డబ్బు. ఇక్కడ నేను మీ భార్య పక్షం. అహ్మదాబాద్‌లోనైనా ఐఎస్‌బీలోనైనా ఖర్చు ముప్పై లక్షలు దాటుతుంది. ముప్పై అయిదు లక్షలు పదేళ్లకు, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు కంతు నలభై అయిదు వేల పైమాటే. మీ పెన్షన్ ఎంతో మీకు తెలుసు. ఆ ఏడాది మీ జీతం కూడా రాదు. ఐఐఎంల లాంటి సంస్థలకు స్టేట్ బ్యాంకు స్కాలర్ లోన్ తనఖా లేకుండా ఇస్తుంది. తనఖా లేదంటే ఇల్లు పోదన్నమాట, అంతేగానీ అప్పు తీరిపోయినట్టు కాదు. మీ భార్యతో కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేయండి. కోర్సు అయ్యాక ఆరు నెలలు ఉద్యోగం దొరక్కపోతే ఎలా అన్న ప్రశ్న కూడా ఆ కాగితం మీదే రాయండి. 37, 38 ఏళ్ల వయసులో, కార్పొరేట్ అనుభవం లేకుండా బయటికి వచ్చినవాడిని తీసుకోవడానికి కొన్ని కంపెనీలు ఆలోచిస్తాయి. ఇది మీ ధైర్యం తగ్గించడానికి అనడం లేదు. స్కూళ్లు చెప్పే సగటు జీతాల అంకె చూసి కంతు కట్టేయొచ్చని లెక్కేసుకోవద్దని అంటున్నా.

అందుకని ఒక వరస పెట్టుకోండి. ఇప్పుడున్న పని మానొద్దు. పది నెలలు చదివి జీమ్యాట్ రాయండి. అంతవరకు ఖర్చు పరీక్ష ఫీజు, రెండు మూడు పుస్తకాలు, అంతే. స్కోరు 645 చుట్టుపక్కల వస్తే అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, ఐఎస్‌బీలకు అప్లై చేయండి. సీటు వచ్చాకే అప్పు మాట. స్కోరు బాగా తక్కువ వస్తే ఇంకోసారి రాయండి. అప్పటికీ రాకపోతే పేరులేని ప్రైవేటు కాలేజీకి ఇరవై లక్షలు పోసి ఎంబీఏ అనిపించుకోవద్దు. మాజీ సైనికులకు ఫీజు తగ్గింపు ఇస్తాం, జీమ్యాట్ అక్కర్లేదు అని ఫోన్లు వస్తాయి చూడండి, వాటికి అసలు జవాబివ్వకండి. దానికంటే ఉద్యోగం చేస్తూ చదివే కోర్సులు నయం. 2015లో మొదలైన ఐఐఎం విశాఖపట్నంలో కూడా అలాంటివి ఉన్నాయి. జీతం ఆగదు, పిల్లల స్కూలు మారదు. ఇంకా తక్కువలో కావాలంటే ఐసెట్ రాసి కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో ఒంగోలులోనో ఎంబీఏ చేయొచ్చు. డిగ్రీ వస్తుంది, జ్ఞానమూ కొంత వస్తుంది. మీరడిగిన పేరు మాత్రం రాదు.

గార్డు ఉద్యోగం గురించి. అది తక్కువ పని అని నేననను, ఎన్నో కుటుంబాలు దానిమీదే నిలబడ్డాయి. అయితే బీకాం ఉన్న మనిషి బ్యాంకు క్లర్కు పరీక్ష వదిలేసి గార్డు దగ్గరే ఎందుకు ఆగాలి? క్లర్కుకు గరిష్ఠ వయసు 28 అని చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మాజీ సైనికులకు చేసిన సర్వీసు, దానిమీద ఇంకో మూడేళ్లు వయసులోంచి తీసేసి లెక్కేస్తారు, యాభై దాటకుండా ఉంటే చాలు. ఆ లెక్కన మీరింకా కుర్రాడే. పైగా ఆ పరీక్షలో వచ్చే లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్‌కు చేసిన ప్రిపరేషన్ జీమ్యాట్‌కూ పనికొస్తుంది. రెండూ కలిపి చదవండి. బ్యాంకు ముందు వస్తే చేరిపోండి. అక్కడ మూడేళ్లు చేసి ఎంబీఏకి అప్లై చేసినా నష్టం లేదు, మీ అప్లికేషన్‌కు అప్పుడు ఇంకా బలం వస్తుంది. భార్య భయం కూడా చాలావరకు తగ్గుతుంది.

ఈ వారంలో మీరు చేయాల్సిన పని ఒక్కటే, మీ మేజర్ సార్‌కు ఫోన్ చేయడం. ప్రతి స్కూలూ మీ పని దగ్గర్నుంచి చూసినవాళ్ల రికమండేషన్ అడుగుతుంది. పెద్ద ర్యాంకు కదా అని మిమ్మల్ని రెండుసార్లు చూసిన బ్రిగేడియర్ చేత రాయించుకునే కంటే రోజూ మీ రిజిస్టరు తిరగేసిన మేజర్ రాస్తేనే విలువ. చాలా స్కూళ్లు అది ఆన్‌లైన్‌లో, ఆఫీసు ఈమెయిల్ నుంచి రావాలంటాయి. ఆయన రిటైరయ్యారు కాబట్టి పాత మెయిల్ ఉండదు. ఇప్పుడు ఎక్కడైనా పనిచేస్తుంటే అక్కడిది ఇవ్వొచ్చు, లేదంటే సొంత మెయిల్ ఒప్పుకుంటారా అని స్కూలుకే ముందుగా రాసి కనుక్కోండి. లద్దాఖ్‌లో ఏ సంఘటన గురించి రాయమంటారో ఆయనకు గుర్తుచేయండి, అక్కడితో ఆగండి. సార్‌కు తీరిక లేదని మీరే ఉత్తరం తయారుచేసి పంపేశారనుకోండి, మీ వ్యాసంలోని ఇంగ్లిషూ ఆ ఉత్తరంలోని ఇంగ్లిషూ ఒకటేనని చదివేవాళ్లు మొదటి పేరాలోనే పట్టేస్తారు.